వానలు పడకముందే సైడ్ వీల్స్ బండి సర్వీసు: ఏది ఇప్పుడే చేయించాలె, ఏది ఆపొచ్చు

జూన్ల వానలు దిగినయంటే మెకానిక్కుల దగ్గర ఎక్కడ చూసినా లైనే ఉంటది, స్టార్ట్ కాని బళ్లు, బెల్టు తెగిన బళ్లు, లోపలికి నీళ్లు పోయిన బళ్లు అన్నీ ఒక్కసారే వస్తయ్. సైడ్ వీల్స్ బండి అంటే సగం మంది "రేపు రా అన్నా" అంటరు, పని ఎక్కువ గదా. అందుకే ఆక్టివా గానీ జూపిటర్ గానీ యాక్సెస్ గానీ, దానికి రెండు పక్కల చక్రాలు పెట్టించుకొని నడిపెటోళ్లు, వికలాంగుల కార్పొరేషన్ నుంచి బండి వచ్చినోళ్లు గూడ, మే నెలలనే ఈ సంగతి తేల్చుకోండి.

ఇబ్బంది అంతా ఖర్చు తోనే. ఈ మధ్య తెలిసిన తమ్ముడు ఒకడు షోరూంల ఇచ్చిన ఎస్టిమేట్ ఫొటో పంపి "అన్నా మామూలు సర్వీసుకే ఏడు వేలు అంటున్నరు, ఏం జెయ్యమంటవ్" అని అడిగిండు. పెన్షన్ మీద, చిన్న జీతం మీద నడిచే ఇంట్ల ఏడు వేలంటే మాటలు కాదు. నేను చెప్పింది ఒక్కటే, ఆ కాగితం మీద ఒక్కో లైన్ మీద వేలు పెట్టుకుంట పో, ఇది వానల నడిరోడ్డు మీద ఫెయిల్ అయితే నువ్వు ఎట్ల బయటపడతవో చూసుకో. మామూలోళ్లకు బండి ఆగితే దిగి తోసుకుంట పోయి బంకు పక్కన పెట్టి ఆటో ఎక్కుతరు. మనం దిగి తోయలేం, చంక కర్రలు పట్టుకొని మోకాల్లోతు నీళ్లల్ల నిలబడలేం. కాబట్టి బండిని ఆపేసేదీ పడేసేదీ ఏదైతే ఉందో దానికి ముందు డబ్బులు పెట్టాలె, మిగిలింది దసరా దాకా ఆగినా ఏం కాదు.

ఆ లెక్కన ఎస్టిమేట్ల కొన్ని లైన్లు చూడంగనే కొట్టేయొచ్చు. టెఫ్లాన్ కోటింగ్, పాలిష్, ఇంజన్ డీకార్బనైజింగ్ (లోపలి మసి తీసుడు), పెట్రోల్ల కలిపే అడిటివ్ బాటిల్, ఇవన్నీ కలిపితేనే వెయ్యి పైన అయితది, బండికి ఏ కంప్లయింటూ లేనప్పుడు అవి వద్దని జాబ్ కార్డు (చేసే పనుల లిస్టు) రాసేటప్పుడే చెప్పండి, బిల్లు అయినంక లొల్లి పెట్టుకుంటే లాభం లేదు. ఇంజన్ ఆయిల్ మాత్రం ఆపొద్దు, 110 సీసీ స్కూటర్లకు లీటరు గూడ పట్టదు, మాన్యువల్ల ఏ గ్రేడు రాసి ఉంటే అదే, చాలావాటికి 10డబ్ల్యూ-30. గేర్ ఆయిల్ ఇంకా కొంచెమే. ఈ రెండింటికి వారంటీ గానీ ఫ్రీ సర్వీసు గానీ మిగిలి ఉంటే తప్ప షోరూం అక్కరలేదు, గల్లీ మెకానిక్ మీ కండ్ల ముందట సీల్ ఉన్న డబ్బా విప్పి పోస్తే చాలు. ఎయిర్ ఫిల్టర్ విషయంల ఒక మాట, చాలా స్కూటర్లల్ల ఇప్పుడు ఆయిల్ పూసిన పేపర్ ఫిల్టర్ వస్తది, దాన్ని గాలి కొట్టి మల్ల పెడతరు మనోళ్లు, అట్ల చేసేది కాదు అది, నల్లగైతే మార్చుడే.

ఇగ బెల్టు సంగతి, ఇంజన్ జోరును వెనక చక్రానికి ఇచ్చేది అదే. ఎస్టిమేట్ల పెద్ద అంకె సాధారణంగ ఇక్కడనే ఉంటది, బెల్టు, రోలర్లు, క్లచ్ షూ, లేబర్. స్కూటర్ బెల్టు ఇరవై వేల కిలోమీటర్ల పైన మార్చమంటరు, కానీ ఆ లెక్క కంపెనీ నుంచి వచ్చినట్టు ఉన్న బండికి. మన బండికి ఇనుప ఫ్రేమూ రెండు చక్రాలూ అదనపు బరువు, ఆ చక్రాలు దొర్లడానికి ఇంజన్ ఇంకింత లాగాలె, పైంగ మనం ట్రాఫిక్ల సందుల్లోంచి దూరిపోలేం, కార్ల వెనక ఆగుకుంట కదులుకుంట పోవుడే, అంటే క్లచ్ ఎక్కువ సేపు సగం పట్టి సగం జారుకుంటనే ఉంటది, వేడికి బెల్టు, క్లచ్ షూ రెండూ తొందరగ అరుగుతయ్. అట్లని కిలోమీటర్లు చూసి కళ్లు మూసుకొని మార్చమని గూడ నేను చెప్పను. ఎడమ పక్క కవర్ విప్పించండి, బెల్టు చేతికి తీసుకోండి, లోపలి పళ్లు పైకి వచ్చేటట్టు వెనక్కి వంచండి. పళ్ల మధ్యల సన్నటి పగుళ్లు కనిపించినా, అంచుల దారాలు లేచినా, వెడల్పు వెర్నియర్ (సన్నటి కొలతలు చూసే స్కేలు) తోని కొలిస్తే కంపెనీ చెప్పిన లిమిట్ కంటే తగ్గినా అది వానాకాలం దాటదు. పగుళ్లు లేవు, వెడల్పు ఉంది అంటే దుమ్ము తుడిచి మల్ల అదే బిగించమనండి, దసరాకు చూడొచ్చు. మార్చుడే అయితే మాత్రం రోలర్లు గూడ అప్పుడే చూపించుకోండి, ఎందుకంటే కవర్ విప్పిన లేబర్ ఎట్లాగూ ఇస్తున్నరు, నెల తర్వాత మల్ల విప్పితే మల్ల అదే లేబర్.

బ్యాటరీని చాలామంది చివరికి పెడతరు, నన్నడిగితే మనకు అది మొదటిది. వేరేటోళ్లు సెల్ఫ్ పనిచేయకపోతే కిక్ కొడతరు, మనల చాలామందికి ఆ కాలు లేదు, ఉన్నా బలం లేదు, కొత్త మోడళ్లల్ల కొన్నిట్ల కిక్కే ఇస్తలేరు. ఏ బ్యాటరీ షాపుల అయినా మీటర్ పెట్టి చూస్తరు, రాత్రంతా ఆగిన బండికి 12.6 వోల్టుల దగ్గర ఉండాలె, 12.4 కంటే కిందికి పోయి పొద్దున పూట సెల్ఫ్ మూలుగుతుంటే వానల అది మిమ్మల్ని వదిలేస్తది. ఇంజన్ నడుస్తుంటే 13.5 పైన చూపియ్యాలె, చూపియ్యకపోతే బ్యాటరీ మార్చినా దండగే, చార్జింగ్ లైన్ చూపించుకోవాలె.

బ్రేకుల దగ్గర పైసలు మిగిలించే ఆలోచన అసలు పెట్టుకోకండి. మన సైడ్ వీల్స్‌కు చాలా కిట్లల్ల బ్రేకే ఉండదు, బండి మొత్తం ముందు చక్రం, వెనక నడుమ చక్రం మీదనే ఆగాలె, అందుల బరువు కొంత సైడ్ వీల్స్ పంచుకుంటయ్ కాబట్టి తడి రోడ్డు మీద నడుమ చక్రం తొందరగ లాక్ అయి జారుతది. డ్రమ్ బ్రేకులు ఉంటే చక్రం దగ్గర బ్రేక్ ప్లేట్ మీద చిన్న బాణం గుర్తు ఉంటది, ఎవరినైనా లివర్ గట్టిగ పట్టుకోమని ఆ బాణం ఎక్కడికి తిరుగుతుందో చూడండి, పక్కనున్న గుర్తు దాకా వచ్చిందంటే షూలు అయిపోయినట్టే, ఇంక కేబుల్ టైట్ చేసుకుంట పోతే కాదు. నీళ్లల్ల నుంచి బయటికి వచ్చినంక గూడ కొద్దిదూరం మెల్లగ పోతూ బ్రేకులు లైట్‌గ పట్టి ఉంచితే డ్రమ్ముల తడి ఆరుతది. ఎడమ లివర్ దగ్గర ఉండే బ్రేక్ లాక్ క్లిప్ పట్టుకుంటుందో లేదో గూడ చూడండి, బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ ఎత్తుల మీద బండి పెట్టి కర్రలు తీసుకునే లోపల బండి కదిలిందంటే మనం ఏం చేయగలం.

ఇప్పుడు సైడ్ వీల్స్ కిట్టు. షోరూంల దాన్ని ముట్టుకోరు, కొందరైతే "అది తీసేసి తీసుకురండి" అని గూడ అంటరు. అందుకే ఇంజన్ పని ఒక చోట, కిట్టు పని ఫిట్ చేసినోడి దగ్గరనో మంచి వెల్డర్ దగ్గరనో అని ముందే రెండుగ పెట్టుకోండి. ఎవరి దగ్గరికి పోకముందు ఇంట్లనే కొంత చూసుకోవచ్చు. బండి కడిగి ఎండల ఆరనిచ్చి ఫ్రేమ్ కు బ్రాకెట్ అతికిన చోట్లల్ల ఫోన్ టార్చ్ వేసి చూడండి, పెయింట్ మీద వెంట్రుకంత గీత, ఆ గీత వెంట తుప్పు రంగు కారినట్టు ఉంటే అది గీత కాదు, వెల్డింగ్ విచ్చుకుంటుంది. దానికి మీద మీద టాకా వేయించొద్దు, రుద్ది కొత్తగ వెల్డింగ్ పెట్టి పక్కన పట్టీ వేయించాలె, వెల్డింగ్ చేసేటప్పుడు బ్యాటరీ వైర్లు విప్పమనండి, కొత్త బళ్లల్ల ఈసీయూ (ఇంజన్ నడిపే చిన్న కంప్యూటర్) ఉంటది, అది కాలితే ఆ ఖర్చు ముందు ఈ ఏడు వేలు ఏం కాదు. కిట్టును ఫ్రేమ్ కు పట్టి ఉంచే యూ క్లాంపుల నట్లు బిగించినంక నట్టు మీది నుంచి బోల్టు మీదికి నెయిల్ పాలిష్ తోని ఒక గీత గీయండి, రోజూ బండి ఎక్కేటప్పుడు ఒక చూపు చూస్తే చాలు, గీత విడిపోయిందంటే నట్టు తిరిగిందని అర్థం. నా బండికి ఎర్ర రంగు, మా చెల్లె డబ్బాలకెల్లి.

చక్రం బేరింగ్ కు పక్క చక్రం లేపి చేతితోని పైకి కిందికి ఊపండి, లూజ్ ఉంటే తెలుస్తది, తిప్పితే గరగర అంటే లోపల గ్రీజు పోయి నీళ్లు చేరినట్టు. ఈ బేరింగులు ఖరీదైనవి గావు, మీద నంబర్ కొట్టి ఉంటది, ఆ నంబర్ పట్టుకొని రాణిగంజ్ గానీ పుత్లీబౌలి గానీ పోతే మంచి కంపెనీవే దొరుకుతయ్, సీల్ ఉన్నవి అడగండి. స్పేర్ పార్ట్స్ ఎక్కడ కొన్నా ప్యాకెట్ మీద ఎమ్మార్పీ, తయారైన నెల చూడండి, 2025 సెప్టెంబర్ 22 నుంచి చాలా బండి పార్టుల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, పాత ఎమ్మార్పీ చూపించి అదే రేటు అంటే అడగండి.

ఇంకొకటి ఎవ్వరూ చూడరు, హైట్. మీరు సీటు మీద కూర్చున్నప్పుడు నడుమ చక్రం గట్టిగ నేలకు ఆనాలె, సైడ్ వీల్స్ సపోర్ట్ వరకే. సైడ్ వీల్స్ మీద బరువు ఎక్కువ పడితే గుంతల నడుమ చక్రం గాలిల లేచి ఊరికె తిరుగుతది, తడి స్పీడ్ బ్రేకర్ మీద గూడ అదే కథ, ఇంజన్ అరుస్తది బండి కదలదు. పక్క టైర్లల్ల గాలి రెండిట్లా ఒక్క తీరు ఉండాలె, ఒకటి తక్కువైతే బండి ఆ పక్కకు లాగుతది, మనోళ్లు దాన్ని హ్యాండిల్ బాల్ రేసర్ (హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగ్) పోయిందని మార్పిస్తరు. బాల్ రేసర్ గూడ మన బళ్లల్ల తొందరగనే పోతది అనుకోండి, మలుపుల బండి వంగదు కాబట్టి జోరంతా హ్యాండిల్ మీదనే, కానీ ముందు గాలి చూడండి, అది ఐదు నిమిషాల పని. నడుమ టైరు అరిగి లోపలి గుర్తుల దాకా వస్తే వానలకు ముందే మార్చండి, వెనక చక్రం విప్పాలంటే సైలెన్సర్, కిట్టు సగం విప్పాలె, వానల పంక్చర్ షాపోడు ఆ పని చూసి దండం పెడతడు. ట్యూబ్‌లెస్ అయితే చక్రం విప్పకుండనే పంక్చర్ వేస్తరు, చిన్న పంక్చర్ కిట్టు డిక్కీల ఉంచుకోండి.

రోడ్డు మీద సంగతులు మీకు తెలిసినవే, ఒకటి రెండు చెప్తా. 2020 అక్టోబర్ వానలు చూసినోళ్లకు నేను చెప్పేదేం లేదు గానీ, చిన్న వానకే మలక్‌పేట బ్రిడ్జి కింద, మైత్రివనం దగ్గర, టోలీచౌకీల నీళ్లు ఆగుతయ్. ఆగిన నీళ్లల్ల మ్యాన్‌హోల్ తెరిచి ఉన్నా కనిపియ్యదు, మన చక్రాలు మూడు దారులల్ల పోతయ్, ఒకటి తప్పించినా ఇంకోటి పడతది, కాబట్టి ఫుట్‌బోర్డ్ దాకా వచ్చే నీళ్లల్ల దిగకండి, అరగంట ఆగుడే. నీళ్లల్ల ఇంజన్ ఆగిపోతే సెల్ఫ్ కొట్టొద్దు, నీళ్లు సిలిండర్ల పోయి ఉంటే కనెక్టింగ్ రాడ్ వంగుతది, మామూలు ఇన్సూరెన్స్ పాలసీ ఆ ఖర్చు ఇయ్యదు, ఇంజన్ ప్రొటెక్ట్ అని వేరే తీసుకుంటేనే. చిన్న మాటే గానీ, పోంచో లెక్క వదులుగ ఉండే రెయిన్ కోటు, చున్నీ అంచు సైడ్ వీల్ల చుట్టుకుంటది, ప్యాంటు షర్టు రెయిన్ కోటు కొనుక్కోండి.

కాగితాలల్ల ఆర్సీ మీద సైడ్ వీల్స్ మార్పు ఎక్కిందో లేదో ఒకసారి చూసుకోండి, మోటార్ వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్టీఏల ఆ మార్పు రాయించాలె, ఇన్సూరెన్స్ కంపెనీకి గూడ చెప్పి ఉండాలె, లేకపోతే క్లెయిమ్ టైంల అదే సాకు పెడతరు.

డబ్బులు ఒక్కసారి లేకపోతే ముందు ఇంజన్ ఆయిల్, బ్రేకులు, బ్యాటరీ, కిట్టు వెల్డింగ్, టైర్లు. వచ్చే నెల జీతంల బెల్టు, అది గూడ విప్పి చూస్తే పగిలిందనిపిస్తేనే. ఆ తమ్ముడు అట్లనే చేసిండు, ఏడు వేల కాగితంల సగం కంటే తక్కువ ఇప్పుడు కట్టిండు. బండి తీసుకునేటప్పుడు మాత్రం చీకటి పడినంక పోవద్దు, వెనక చక్రం విప్పినోడు కిట్టు నట్లు చేతితోని పెట్టి టైట్ చేసుడు మర్చిపోతడు, వెలుతురుల నెయిల్ పాలిష్ గీతలు చూసి, షాపు ముందట రెండు రౌండ్లు కొట్టి, బ్రేకులు రెండూ పట్టి చూసి అప్పుడు ఫోన్ పే చేయండి.