ఒంటరిగా పడవ మాస్ట్ (తెరచాప కట్టే స్తంభం) ఎత్తే ముందు, దించే ముందు

ముందు తలెత్తి పైకి చూడండి. కరెంటు తీగలు ఉన్నాయా? అల్యూమినియం మాస్ట్ తీగకు తగలక్కర్లేదు, హైటెన్షన్ లైనుకు దగ్గరగా వెళ్లినా ప్రాణం పోవచ్చు. ఎత్తే చోటే కాదు, పడవను నీళ్లదాకా లాక్కెళ్లే దారంతా చూడాలి.

గాలి ఎక్కువగా ఉంటే ఆ రోజుకు మానేయండి.

- ట్రైలర్ చక్రాలకు అడ్డు పెట్టారా?
- మాస్ట్‌ను పట్టి ఉంచే స్టీలు తీగల్లో ఒక్క పోగు తెగినా ఎత్తొద్దు. మెలికలు విప్పండి. తీగలను బిగించే పిన్నులు జారిపోకుండా ఆపే రింగులు ఉన్నాయో లేదో వేలితో తడిమి చూడండి, కళ్లు మోసపోతాయి.
- మాస్ట్ పడుకుని ఉన్నప్పుడే లేపడానికి ఎక్కువ బలం కావాలి. చేతుల మీద ఆధారపడకుండా మాస్ట్‌ను లాగే తాడును కప్పీ మీదుగా విన్చ్‌కు (తాడు చుట్టి లాగే యంత్రానికి) చుట్టండి.
- దించేటప్పుడు ఆ తాడు బిగించాకే మాస్ట్‌ను ముందు వైపు నుంచి పట్టి ఉంచే స్టీలు తీగ పిన్ను తీయాలి. లేదంటే మాస్ట్ ఒక్కసారిగా కూలుతుంది.
- అది పడే వైపు ఎవరూ ఉండకూడదు, ముఖ్యంగా పిల్లలు.