దివ్యాంగులకు ఉద్యోగం – ఐదవ పాఠం: ఏ సర్దుబాటు కావాలో ఎవరిని అడగాలి?

గత పాఠంలో మీ సంస్థలోని ఒక ఉద్యోగాన్ని తీసుకుని, అందులోని పనులను విడివిడిగా రాసి పట్టిక వేయమన్నాను. వచ్చిన పట్టికల్లో చాలావరకు ఒకే చోట దారి తప్పాయి. అందులో సగం పొరపాటు నాదే. పనికి ఒక గడి, దాని ఫలితానికి ఒక గడి కేటాయించి, మూడవ గడిని ఖాళీగా ఉంచమన్నాను గానీ, అది దేనికో చెప్పలేదు. దాంతో ‘ఈ పనికి ఏ వైకల్యం ఉన్నవారు సరిపోతారు’ అనే లెక్కను చాలామంది అందులో నింపారు. డేటా ఎంట్రీకి వినికిడి లేనివారు, టెలిఫోనుకు చూపు లేనివారు, కూర్చుని చేసే పని ఏదైనా సరే చక్రాల కుర్చీ వాడేవారు అని రాశారు. దయచేసి ఆ గడిలో రాసినదంతా కొట్టివేయండి.

ఆ లెక్క ఎందుకు కుదరదో చెబుతాను. పుట్టుకతో చూపు లేనివారు బ్రెయిలీని వేళ్లతో వేగంగా చదవవచ్చు. నడివయసులో చూపు పోయినవారికి బ్రెయిలీ అసలు రాకపోవచ్చు, వారు స్క్రీన్ రీడర్ అనే సాఫ్ట్‌వేర్ తెరపై ఉన్నది చదివి వినిపిస్తుంటే పని చేసుకుంటారు. పాక్షికంగా చూపు ఉన్నవారికి అక్షరాలు పెద్దవిగా, వెనుక రంగుకు భిన్నంగా కనిపిస్తే చాలు. ముగ్గురిదీ చూపుకు సంబంధించిన వైకల్యమే, వారికి కావలసిన ఏర్పాట్లు మాత్రం మూడు రకాలు. ఐక్యరాజ్యసమితి 2006లో ఆమోదించిన దివ్యాంగుల హక్కుల ఒప్పందం తన రెండవ అధికరణంలో ‘సహేతుకమైన సర్దుబాటు’ను నిర్వచిస్తూ, అది ఆయా సందర్భంలో అవసరమైన మార్పు అనీ, దానివల్ల మితిమీరిన లేదా అనుచితమైన భారం పడకూడదనీ అంటుంది. భారం గురించిన మాటను యజమానులు ఇట్టే పట్టుకుంటారు, ‘ఆయా సందర్భంలో’ అన్నదాన్ని దాటేసి పోతారు. అటువంటి సర్దుబాటును నిరాకరించడం కూడా వివక్షే అవుతుందని అదే అధికరణం చెబుతుంది.

రెండవ పొరపాటు చిన్నది. ‘ఫోనులో మాట్లాడగలగాలి’ అని రాశారు, అది మార్గం. ‘వినియోగదారుని ఫిర్యాదు ఆ రోజే నమోదు కావాలి’ అన్నది ఫలితం. రెండవ గడిలో ఫలితమే ఉండాలి.

ఇక నాకు అన్నిటికన్నా చిరాకు తెప్పించే సంగతికి వస్తాను. మంచి మనసుతోనే, కానీ అడగకుండా చేసే ఏర్పాట్లు అవి. ఒక సంస్థ చూపు లేని ఉద్యోగి చేరబోతున్నాడని తెలిసి ముందుగానే బ్రెయిలీ ప్రింటర్ కొన్నది. అతనికి బ్రెయిలీ రాదు. అతనికి నిజంగా అడ్డుపడినవి ప్రతి ఉదయం వచ్చే స్కాన్ చేసిన పీడీఎఫ్‌లు. అవి కాగితం ఫోటోలే కాబట్టి అక్షరాలు లేక స్క్రీన్ రీడర్ మౌనంగా ఉండిపోయేది. ఆ ఫైళ్లను స్కాన్ చేయకుండా, టైపు చేసిన అసలు రూపంలోనే పంపమని అతను అడిగాడు, దానికి పైసా ఖర్చు కాలేదు. ప్రింటర్ మాత్రం కప్పిన గుడ్డ కిందే ఉంది.

వినికిడి లేని ఉద్యోగి విషయంలోనూ ఇదే జరుగుతుంది. ‘పెదవుల కదలిక చూసి అర్థం చేసుకుంటాడులే’ అని సమావేశంలో ఎదురుగా కూర్చోబెడతారు. అద్దం ముందు నిలబడి పాట, బాట, మాట అని గొంతు పెగలకుండా పలికి చూడండి, మూడింటికీ పెదవులు ఒకే విధంగా కలిసి విడిపోతాయి. మిగిలినది సందర్భాన్ని బట్టి ఊహించుకోవాలి, అలా గంటసేపు ఊహిస్తూ కూర్చోవడం ఎంత అలసటో ఆలోచించండి. కొందరికి సంజ్ఞాభాష అనువాదకుడు కావాలి, సంజ్ఞాభాష నేర్చుకోని కొందరికి మాటలు అప్పటికప్పుడు తెరపై అక్షరాలుగా రావాలి, మరికొందరికి చర్చాంశాలు ముందురోజే రాతలో అందితే సరిపోతుంది.

కాబట్టి మూడవ గడిలో రాయవలసింది ఎంపికైన వ్యక్తి చెప్పే మాట. ఇంటర్వ్యూలో ‘మీకు ఏమైంది?’, ‘పుట్టుకతోనా?’ వంటి ప్రశ్నలు వద్దు. పనుల పట్టికను అభ్యర్థులందరి ముందూ ఉంచి, ‘ఈ పనిని మీరు ఎలా చేస్తారు, అందుకు మా వైపు నుంచి ఏమి కావాలి?’ అని అందరినీ ఒకే విధంగా అడగండి. ఉద్యోగంలో చేరిన మొదటి వారంలో తలుపు వేసుకుని ఇరవై నిమిషాలు మాట్లాడి, అనుకున్నవన్నీ ఒకే పేజీలో రాసి ఇద్దరూ ఉంచుకోవడం నా పద్ధతి. పెద్ద విధాన పత్రాలకన్నా ఆ పేజీనే నేను నమ్ముతాను. అందులో రోగం పేరు ఉండదు, ఏర్పాటు, దాన్ని చేయవలసినవారు, చేయవలసిన తేదీ ఉంటాయి. ఆ ఉద్యోగి అనుమతి లేకుండా దాన్ని తోటివారికి చూపకూడదు. నెల తరువాత మళ్లీ కూర్చోండి, ఎందుకంటే మొదటి వారంలో కొత్తవారు మొహమాటంతో సగమే అడుగుతారు.

ర్యాంపులు, తలుపుల వెడల్పు, మరుగుదొడ్ల గురించి వేరే చెప్పనక్కరలేదనుకుంటాను. ఒక అడుగు ఎత్తు ఎక్కడానికి ర్యాంపు కనీసం పన్నెండు అడుగుల పొడవు ఉండాలన్నది మాత్రం మేస్త్రీకి ముందే చెప్పండి.

అభ్యాసం: మీ పట్టికలో కంప్యూటరుతో చేసే పనులన్నిటినీ ఒక పూట మౌస్ తీసేసి కీబోర్డుతోనే చేయండి. తరువాత విండోస్‌లో ఉచితంగా దొరికే ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్‌ను పెట్టుకుని, మీ సంస్థ దరఖాస్తు ఫారాన్ని తెర ఆపివేసి మొదటి నుంచి చివరి వరకు నింపి సమర్పించండి. ఎక్కడ ఆగిపోయారో ప్రతి చోటునూ రాసుకోండి. దీనితో చూపు లేనివారి జీవితం మీకు తెలిసిపోతుందని అనుకోవద్దు, తెలిసేది మీ ఫారంలోని లోపమే. ఫారం సమర్పించగలిగేంత వరకు ఆరవ పాఠం తెరవకండి, అది నియామక పరీక్షల గురించి, ఆ ఫారాన్ని దాటి వచ్చినవారికే అది పనికివస్తుంది.