జిర్కోనియా క్యాపు ఊడిపోతోందా? లేజర్ కొట్టే పద్ధతి ఇది
మన శ్రీకాకుళం, విజయనగరం సైడు పంటికి తొడిగే జిర్కోనియా (గట్టి తెల్ల సిరామిక్) క్యాపులు బాగా పెరిగాయి, దాంతో పాటే క్యాపుని కాగితం పొట్లంలో పెట్టుకొచ్చి "డాక్టరుగారూ, ఇది ఊడిపోనాదండీ" అనేవాళ్లూ పెరిగారు. కొత్తగా ప్రాక్టీసు పెట్టిన తమ్ముళ్లు లేజర్ గురించి అడుగుతున్నారని రాస్తన్నాను.

ముందు అదేటి సిరామిక్కో కనుక్కోండి. లిథియం డైసిలికేట్ (గాజు కలిసిన సిరామిక్) అయితే లేజర్ జోలికే ఎల్లొద్దు, 5 శాతం హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ 20 సెకన్లు పెట్టి బాగా కడిగి ఆరబెట్టి సైలేన్ (సిమెంటుని సిరామిక్‌కి పట్టించే ద్రవం) రాస్తే సరిపోద్ది. జిర్కోనియాలో గాజు ఉండదు కదా, ఆ యాసిడ్‌కి కరగడానికి అక్కడేటీ లేదు, అందుకే సిమెంటు పట్టేలా లోపలి వైపు గరుకు చెయ్యడానికి శాండ్‌బ్లాస్టింగో (సన్న పొడిని గాలితో కొట్టడం) లేజరో కావాలి.

చిగుళ్లు కోసే డయోడ్ లేజర్ ఉంది కదా అని దాంతో మొదలెట్టకండి, ఈ పనికి అది లెక్కలోకి రాదు. ఎక్కువమంది వాడేది 2940 నానోమీటర్ల ఎర్బియం యాగ్. 1064 నానోమీటర్ల నియోడిమియం యాగ్ అయితే తెల్లటి జిర్కోనియా మీద సరిగ్గా పట్టదు, ముందు గ్రాఫైట్ పొడి పూసి కొడతారు.

ఎర్బియం ఉంటే ఇలా చెయ్యండి. క్యాపు నోటి బయటే ఉండాలి, పాత సిమెంటు అంతా గీకేసి, లోపలి వైపు మాత్రమే కొట్టాలి, అంచు ముట్టుకోవద్దు. ఆ వేవ్‌లెంగ్త్‌కి సరిపడే కళ్లజోడు మీకూ అసిస్టెంటుకీ ఇద్దరికీ, పక్కన సక్షన్ ఆన్‌లో. 150 మిల్లీజౌల్స్, 10 హెర్ట్జ్, అంటే 1.5 వాట్లతో మొదలెట్టి, నీళ్ల స్ప్రే వేసి, ఓ 10 మిల్లీమీటర్ల దూరం నుంచి హ్యాండ్‌పీస్ ఆపకుండా తిప్పుతూ 20 సెకన్లు. ఒక్కచోట నిలబెడితే వేడికి కంటికి కనపడని పగుళ్లొస్తాయి, పవర్ పెంచితే ఇంకా బాగా అంటుకుంటాది అనుకోవడం వట్టి భ్రమ. మొదటిసారి పేషెంటు క్యాపు మీద కాదు, ల్యాబ్ వాళ్లు పక్కన పడేసిన క్యాపు మీద కొట్టి చూడండి. లూప్స్‌తో (భూతద్దాల కళ్లజోడు) చూస్తే మెరుపు పోయి మసకగా కనపడాలి, సన్నగీత గానీ నలుపు గానీ కనపడిందా, ఇంక ఆ క్యాపు వాడొద్దు.

తరవాత అల్ట్రాసోనిక్‌లో ఆల్కహాల్‌తో కడిగి గాలితో ఆరబెట్టాలి. వానాకాలంలో మన కంప్రెసర్ ట్యాంకులో నీళ్లు చేరతాయి, ముందే వదిలెయ్యండి, లేపోతే ఆరబెడుతున్నాం అనుకుంటూ తడి చేస్తాం. అప్పుడు ఎండీపీ (జిర్కోనియాకి అతుక్కునే ఫాస్ఫేట్ రసాయనం) ఉన్న ప్రైమర్, ఆపైన రెజిన్ సిమెంటు. అసలు రసాయనంగా పట్టించేది ఆ ప్రైమరే, లేజర్ కొట్టాం కదా అని దాన్ని మానేస్తే మళ్లీ పొట్లమే. సరిపోతోందా అని క్యాపు నోట్లో ట్రయల్ వేస్తే లాలాజలం అంటుకుంటాది, దాన్ని ఫాస్ఫారిక్ యాసిడ్‌తో కడగొద్దు, ఆ ఫాస్ఫేట్ జిర్కోనియాకి అతుక్కుని ప్రైమర్‌కి చోటు లేకుండా చేస్తాది, జిర్కోనియా క్లీనర్ వాడండి.

నా మట్టుకు శాండ్‌బ్లాస్టర్ ఉన్నవాళ్లు లేజర్ కొనక్కర్లేదు, 50 మైక్రాన్ల అల్యూమినా 1 నుంచి 2 బార్ ప్రెషర్‌తో కొట్టి ఎండీపీ రాస్తే చాలు, లేజర్ దాన్ని ప్రతిసారీ మించుతుందని ఏటీ లేదు. పన్ను మరీ పొట్టిగా, కోన్ లాగా అరగదీసేసి ఉంటే మాత్రం ఏ లేజరూ నిలబెట్టదు, ప్రిపరేషన్ (పన్ను అరగదీసిన ఆకారం) సరిచేసి క్యాపు కొత్తగా చేయించడమే.