మద్యం వాడకం పెరిగిందో తగ్గిందో లెక్కగట్టడం ఎలా?

డిసెంబర్ 31కి ఇన్ని వందల కోట్ల మద్యం తాగేశారని ఏటా జనవరిలో వార్తలొస్తాయి. నేను డిగ్రీ కాలేజీలో స్టాటిస్టిక్స్ చెబుతాను. "మేడం, తాగుడు నిజంగా పెరిగిందా?" అని పిల్లలు అడుగుతారు. రూపాయలు చూసి ఆ మాట చెప్పలేం. ధర పెరిగినా, పన్ను పెరిగినా కోట్లు పెరుగుతాయి. పైగా ఆ అంకె ప్రభుత్వ మద్యం డిపోల నుంచి దుకాణాలు ఎత్తిన సరుకుది, జనం తాగినదానిది కాదు.

కాబట్టి కేసుల లెక్క తీసుకోండి. విస్కీ, బ్రాందీ కేసులో 750 మి.లీ. సీసాలు 12, అంటే 9 లీటర్లు. మన దగ్గర తయారయ్యే వాటిలో ఆల్కహాల్ సాధారణంగా 42.8 శాతం. కేసుకు దాదాపు 3.85 లీటర్ల శుద్ధ ఆల్కహాల్ అన్నమాట. బీరు కేసులో 650 మి.లీ. సీసాలు 12, మొత్తం 7.8 లీటర్లు. స్ట్రాంగ్ బీరులో 7 శాతం అనుకున్నా 0.55 లీటరు దాటదు. ఒక విస్కీ కేసు ఏడు బీరు కేసులతో సమానం! రెండింటినీ కలిపి 'ఇన్ని లక్షల కేసులు' అంటే ఆ మొత్తానికి అర్థమే లేదు. ఎండాకాలంలో బీరు ఎగబాకుతుంది కనుక ఏప్రిల్‌ని నిరుటి ఏప్రిల్‌తోనే పోల్చండి.

రెండింటి నుంచీ వచ్చిన శుద్ధ ఆల్కహాల్ లీటర్లను కలిపి 15 ఏళ్లు, ఆపైన ఉన్నవాళ్ల సంఖ్యతో భాగించండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ తలసరి వాడకాన్ని లెక్కగట్టేది ఈ వయసు వాళ్లకే.

ఇక్కడితో ఆగితే బీహార్‌లో తాగేవాళ్లే లేరని తేలుతుంది. 2016 ఏప్రిల్ నుంచి అక్కడ మద్యనిషేధం, పద్దుల్లో అమ్మకం సున్నా. కానీ 2019-21 నాటి ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో అక్కడి మగవాళ్లలో 15.5 శాతం తాగుతామని చెప్పారు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 తర్వాత ప్రభుత్వ దుకాణాల్లో ధరలు బాగా పెంచినప్పుడు తెలంగాణ సీసాలు సరిహద్దు దాటాయి. ఆంధ్రలో తగ్గిన లీటర్లలో కొన్ని తెలంగాణ పద్దులో చేరాయి. అందుకే ఆ ఏళ్లకు రెండు రాష్ట్రాలనూ కలిపే చూడాలంటాను.

ఇక కల్లు అయితే మద్యం డిపోల లెక్కల్లోకే రాదు. అదే సర్వేలో తాగుతామన్న ఆడవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 0.5 శాతం, తెలంగాణలో 6.7 శాతం. కల్లును వదిలేస్తే తెలంగాణ పల్లెల్ని వదిలేసినట్టే.

సర్వేలోనూ ఒక మెలిక ఉంది. 2015-16 సర్వేలో దేశంలో 15-49 ఏళ్ల మగవాళ్లలో తాగేవాళ్లు 29 శాతం. తర్వాతి సర్వే ఫ్యాక్ట్‌షీట్‌లో 18.8 అని ఉంటుంది, కానీ అది 15 ఏళ్లు, ఆపై అందరికీ సంబంధించిన అంకె. పాత వయసు వాళ్లనే తీసుకుంటే 22 శాతం. తగ్గుదల పది కాదు, ఏడు పాయింట్లే. ఎంత తాగారో మాత్రం సర్వే లీటర్లలో చెప్పదు. ఇంటికొచ్చి అడిగినవాళ్లకు అందరూ నిజం చెప్పరు కూడా.

చివరికి తలసరి అమ్మకం, సర్వే శాతం రెండు గీతలూ ఒకే కాగితం మీద గీయండి. రెండూ దిగితే తగ్గిందని నమ్మవచ్చు. అమ్మకం దిగి సర్వే కదలకపోతే పక్క జిల్లాల అమ్మకాలు, పట్టుబడిన సరుకు చూడండి. తలసరి లీటర్లు పెరుగుతూ తాగేవాళ్ల శాతం తగ్గితేనే నాకు ఎక్కువ టెన్షన్. ఆ లీటర్లన్నీ తక్కువ ఇళ్ల మీద పడుతున్నాయి కాబట్టి, అప్పుడు మొత్తం లీటర్లను తాగేవాళ్ల సంఖ్యతో మళ్లీ భాగించి చూడండి.