పాపను చూడనివ్వకపోతే నేనేం చేశాను: నా అనుభవం

విడాకుల కేసు నడుస్తుండగా పాప వాళ్ల నాన్న దగ్గర కరీంనగర్‌లో ఉండిపోయింది. నేను హన్మకొండలో. ఫోన్ చేస్తే ఎత్తేవాళ్లు కాదు.

పిల్లను చూడనివ్వమని అడిగే కేసు, పిల్ల మామూలుగా ఎక్కడ ఉంటుందో అక్కడి కోర్టులోనే వేయాలి. పిల్లల సంరక్షణ గురించిన 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం 9వ సెక్షన్ అదే చెబుతుంది, అందుకే కరీంనగర్‌లో వేశాను. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. ఈ సంగతి తెలియక ఎందరు అక్కచెల్లెళ్లు అప్పులు చేస్తున్నారో!

అసలు కేసు తేలేదాకా ఆగకుండా, గార్డియన్స్ చట్టం 12వ సెక్షన్ కింద మధ్యంతర దరఖాస్తు పెట్టాం. ఆర్డర్ వచ్చింది గాని, అందులో 'ఆదివారాలు కలవవచ్చు' అని ఒక్క ముక్కే. ఎన్ని గంటలకు, ఎక్కడ, ఎవరు తెచ్చి దింపాలి, ఏమీ లేదు. ఇక ప్రతి ఆదివారం ఒక సాకు: జ్వరం, ట్యూషన్, చుట్టాలింట్లో పెండ్లి.

దారి దొరికింది ఇక్కడే. సాకు చెప్పిన ప్రతిసారీ వాట్సాప్‌లో మర్యాదగా రాసి, ఆ మెసేజ్‌లు దాచాను. గేటు ముందు గొడవ పడలేదు, పాప చూస్తుంది కదా. వాటిని జతచేసి ఆర్డర్‌ను వివరంగా మార్చమని అడిగాం. విడిగా ఉంటున్న తల్లికో తండ్రికో వీడియో కాల్‌లో పిల్లలతో మాట్లాడే వీలుండాలని 2020లో యశితా సాహు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. వకీలమ్మ అది చూపించింది.

కొత్త ఆర్డర్‌లో టైము, చోటు, రాత్రి వీడియో కాల్, దసరా సెలవుల్లో సగం నా దగ్గర అని రాశారు. సద్దుల బతుకమ్మ రోజు కూడా పేరుపెట్టి రాయించుకున్నాను.