పరీక్ష తేదీ చేతిలో లేనప్పుడు: మహమ్మారి కాలంలో జేఈఈ, నీట్, ఎంసెట్ పిల్లలకు ఇంట్లోవాళ్ళు చేయాల్సిన పనులు

2020 మార్చిలో హాస్టళ్ళు ఖాళీ చేయించి పెట్టెలతో సహా ఇంటికి పంపేసిన ఎంపీసీ పిల్లలు, ఏప్రిల్లో రాయాల్సిన జేఈఈ మెయిన్‌ను సెప్టెంబరు 1 నుంచి 6 మధ్య రాశారు. మే 3న జరగాల్సిన నీట్ ముందు జూలై 26కి, ఆపైన సెప్టెంబరు 13కి వాయిదా పడింది. మరుసటి ఏడు జేఈఈ మెయిన్‌ను నాలుగు విడతలుగా పెట్టారు. ఏప్రిల్, మే విడతలు రెండో వేవ్‌లో ఆగిపోయి, జూలై 20న మళ్ళీ మొదలై సెప్టెంబరు 2 దాకా సాగాయి. ఆ ఏడు ఇంటర్ సెకండియర్ పరీక్షలైతే రెండు రాష్ట్రాల్లోనూ రద్దే అయ్యాయి.

ఆ రెండేళ్ళలో పిల్లల్ని ఎక్కువగా కుంగదీసింది కదిలిపోతున్న తేదీ. కష్టమైన సిలబస్‌కు పిల్లలు అలవాటు పడ్డారు కానీ, ఎప్పుడు ముగుస్తుందో తెలియని చదువుకు ఎవరూ అలవాటు పడలేదు. అలాంటి కాలంలో ఇంట్లో పని పంచుకోవడానికి ఒకటే సూత్రం పెట్టుకోండి. చదువు పిల్లలది. కదిలేవన్నీ, అంటే నోటిఫికేషన్లు, ఫారాలు, సర్టిఫికెట్లు, ప్రయాణం, ఇంట్లో జబ్బు, పెద్దవాళ్ళవి.

వార్తలు ఒక్కరి చేతిలో ఉండాలి

అమ్మ, నాన్న, బాబాయి, ఎవరో ఒకరు ఈ పని తీసుకోవాలి. రోజుకు ఒక్కసారి, సాయంత్రం ఏడు గంటలకు అనుకోండి, జేఈఈ మెయిన్, నీట్ నిర్వహించే ఎన్‌టీఏ సైటు, రాష్ట్ర ఎంసెట్ (ఇప్పటి పేరు ఈఏపీసెట్) సైటు, ఇంటర్ బోర్డు సైటు చూడాలి. వాట్సాప్‌లో వచ్చిన సర్క్యులర్ అదే సైటులో పబ్లిక్ నోటీసుగా, తేదీతో సహా కనిపించేవరకు దాన్ని పిల్లల చెవిన వేయకండి. కరోనా కాలంలో నకిలీ నోటీసులు బాగా తిరిగాయి. "వాయిదా అట" అన్న ఒక్క మాటకు పిల్లవాడి ఆ రోజు చదువు పోతుంది, అది అబద్ధమని తేలాక మర్నాటి చదువూ పోతుంది.

ఒక నోటుబుక్కులో పరీక్షకో పేజీ పెట్టి ఈ తేదీలు రాయండి: ఫారం చివరి తేదీ, తప్పులు దిద్దుకునే గడువు, ఏ ఊళ్ళో సెంటరో చెప్పే స్లిప్పు, హాల్ టికెట్, పరీక్ష, ప్రాథమిక కీ, ఆ కీ మీద అభ్యంతరాల గడువు, ఫలితం. ఎక్కువమంది జారవిడిచేది అభ్యంతరాల గడువునే. జేఈఈ మెయిన్‌లో ఆ కిటికీ రెండు మూడు రోజులే తెరిచి ఉంటుంది, ప్రశ్నకు రూ.200 కట్టాలి. మీ ఫోనులో అలారం పెట్టుకోండి.

నిబంధనల మార్పులూ ఇదే నోటుబుక్కులోకి రావాలి. మహమ్మారి కోసం ఇచ్చిన సడలింపులు శాశ్వతం అనుకుని మోసపోయిన ఇళ్ళు చాలా ఉన్నాయి. 2021లో జేఈఈ మెయిన్‌లో న్యూమరికల్ ప్రశ్నల్లో పదికి ఐదు ఎంచుకుని రాసే ఛాయిస్ వచ్చింది, 2025 నుంచి తీసేశారు. ఎన్‌ఐటీ, ఐఐటీ ప్రవేశాలకు ఇంటర్‌లో 75 శాతం ఉండాలన్న నిబంధన ఆ ఏళ్ళలో లేదు, 2023 నుంచి మళ్ళీ వచ్చింది. ఎంసెట్‌లో ఇంటర్ మార్కుల 25 శాతం వెయిటేజీని తెలంగాణ పూర్తిగా ఎత్తేసింది, ఆంధ్రప్రదేశ్ తిరిగి తెచ్చింది. అన్నయ్య రాసిన ఏటి లెక్క తమ్ముడికి పనికిరాదు. ఏ ఏటికి ఆ ఏటి సమాచార బులెటిన్ చదవాల్సిందే.

వాయిదా పడిన రోజు

ప్రకటన వచ్చిన రోజు, మర్నాడు కొత్త పాఠాలు వద్దు. నిద్రపోనివ్వండి. మూడో రోజు కూర్చుని పధ్నాలుగు రోజుల ప్లాన్ మాత్రమే వేయండి. తేదీ ప్రకటించకపోయినా ప్లాన్ పధ్నాలుగు రోజులదే ఉండాలి. అది అయిపోయాక మరో పధ్నాలుగు. పరీక్ష తేదీని ముగింపుగా పెట్టుకున్న ప్లాన్, తేదీ జరిగిన ప్రతిసారీ కూలిపోతుంది. రెండు వారాల ప్లాన్‌కు తేదీతో పని లేదు.

అదనంగా సమయం దొరికింది కదా అని మొదటి చాప్టరు నుంచి మళ్ళీ మొదలుపెట్టించడం అందరూ చేసే పొరపాటు. కైనమాటిక్స్, మోల్ కాన్సెప్ట్ ఐదోసారి చదివినా కొత్తగా వచ్చే మార్కులు తక్కువ, విసుగు మాత్రం ఎక్కువ. ఆ సమయాన్ని తప్పుల పుస్తకానికి ఇవ్వండి. గ్రాండ్ టెస్టుల్లో, అంటే పూర్తి సిలబస్ మాక్ పరీక్షల్లో, తప్పు పోయిన ప్రతి బిట్టుకూ ఒక వరుస: చాప్టరు, ఎందుకు తప్పింది, మళ్ళీ చేసిన తేదీ. "ఎందుకు" అన్న గడిలో మూడే కారణాలు ఉండనివ్వండి. కాన్సెప్టు రాలేదు, లెక్కలో తప్పు, ప్రశ్న సరిగ్గా చదవలేదు. రెండు వారాలకోసారి ఏ కారణం ఎక్కువగా ఉందో లెక్కపెడితే తర్వాతి రెండు వారాలు దేనికివ్వాలో తెలిసిపోతుంది. లెక్కలో తప్పులే ఎక్కువైతే కొత్త మెటీరియల్ కొనడం దండగ. రోజూ అరగంట చేత్తో లెక్కలు చేయించాలి.

తేదీ ఖరారు కానంతకాలం వారానికి ఒక్క పూర్తి పరీక్ష చాలు. ఖరారయ్యాక చివరి మూడు వారాలు వారానికి మూడుకు పెంచండి. నెలల తరబడి రోజూ గ్రాండ్ టెస్టు రాయిస్తే మార్కులు ఒకచోట ఆగి కిందికి జారతాయి. దాన్ని బద్ధకమని తిట్టకండి, అది అలసట.

ఇంట్లో పరీక్ష హాలు

హాస్టల్లో స్టడీ అవర్స్ గంట కొట్టేవాళ్ళు. ఇంట్లో గంట ఉండదు, టీవీ ఉంటుంది. రెండు గదుల ఇల్లయినా సరే, ఉదయం 9 నుంచి 12, మధ్యాహ్నం 3 నుంచి 6 నిశ్శబ్దమని ఇంటిల్లిపాదీ ఒప్పుకోవాలి. జేఈఈ మెయిన్ రెండు షిఫ్టుల సమయాలూ అవే. మెదడు ఆ వేళకే చురుగ్గా ఉండాలి కాబట్టి, రాత్రి రెండింటిదాకా చదివి పదింటికి లేచే అలవాటును నెల ముందే మాన్పించండి. రోజుకు పావుగంట చొప్పున ముందుకు జరుపుకుంటూ వస్తే పేచీ ఉండదు.

వారాంతపు పరీక్షను నిజమైనట్టే జరపండి. పక్కన చార్జర్ లేదు, మంచినీళ్ళ సీసా ఉంది, గోడ గడియారం లేదు, తెర మీదే టైమరు. జేఈఈ, ఎంసెట్ కంప్యూటర్ మీద కాబట్టి ఫోనులో ప్రాక్టీసు చేసి వెళ్ళినవాళ్ళకు మౌసు, పెద్ద తెర కొత్తగా ఉంటాయి. ఇంట్లో కంప్యూటరు లేకపోతే నెలకు రెండుసార్లయినా నెట్ సెంటర్లో కూర్చోబెట్టండి. ఎన్‌టీఏ మాక్ టెస్టులు ఉచితమే. రఫ్ వర్క్‌కు తెల్లకాగితం ఇచ్చి, ప్రశ్న నంబరు వేసి చేయడం నేర్పండి. వెనక్కి వచ్చి సరిచూసుకునేటప్పుడు అదే ఆదుకుంటుంది.

ఎంసెట్ ఇంజినీరింగ్‌లో 180 నిమిషాలకు 160 ప్రశ్నలు, 80 మ్యాథ్స్, 40 ఫిజిక్స్, 40 కెమిస్ట్రీ. నెగెటివ్ మార్కులు లేవు, ఒక్క బిట్టూ వదలకూడదు. జేఈఈ మెయిన్‌లో తప్పుకు ఒక మార్కు పోతుంది. ఒకే నెలలో రెండూ రాసే పిల్లలు ఒకదాని అలవాటు రెండోదానికి తీసుకెళ్తారు. అందుకే రెండింటి మాక్ టెస్టులూ వేర్వేరు రోజుల్లో పెట్టి, మొదలుపెట్టే ముందు నియమం పైకి చెప్పించండి.

ఆన్‌లైన్ క్లాసులకు ఒకే ఫోను ఉంటే, 1.5 జీబీ డేటా మధ్యాహ్నానికే అయిపోతుంటే, వీడియో నాణ్యత 360కి తగ్గించండి. బోర్డు మీద అక్షరాలకు అది చాలు. క్లాసు వింటూ రాయకపోతే ఆ క్లాసు జరగనట్టే. తెలంగాణలో ఏడాదిలో ఎక్కువ భాగం ఆన్‌లైన్లో చదివి 2021 అక్టోబరు, నవంబరుల్లో ఫస్టియర్ పరీక్షలు రాసిన పిల్లల్లో 49 శాతమే పాసయ్యారు. చివరికి ఫెయిలైనవాళ్ళందరికీ 35 మార్కులు వేసి పాస్ చేయాల్సి వచ్చింది. క్లాసుకు హాజరైన గంటలు లెక్కలోకి తీసుకోకండి. సాయంత్రం ఆ పాఠంలోంచి పది బిట్లు చేయించి చూడండి.

సర్టిఫికెట్లు

ఆఫీసులు ఎప్పుడు మూస్తారో తెలియని రోజుల్లో ర్యాంకు వచ్చాక తిరుగుదాం అనుకుంటే కుదరదు.

ముందు పదో తరగతి మెమో తీసి పేరు చూడండి. మెమోలో "కె" అని ఒక్క అక్షరం, ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా, ఇంటర్ రికార్డులో పేరు తర్వాత ఇంటిపేరు, ఇలా ఉంటే ఫారంలో మెమోలో ఉన్నట్టే రాసి, ఆధార్‌ను దానికి తగ్గట్టు మార్పించుకోండి. ఫొటోలో మాస్కు ఉండకూడదు, చెవులు కనపడాలి, వెనక తెల్లగా ఉండాలి. ఒకేసారి ఇరవై కాపీలు తీయించి, అదే ఫొటోను అన్ని ఫారాలకూ వాడండి.

కుల ధ్రువీకరణ దగ్గర చాలామంది ఇరుక్కుపోతారు. మీసేవలోనో సచివాలయంలోనో ఇచ్చిన రాష్ట్ర బీసీ సర్టిఫికెట్ ఎంసెట్ కౌన్సెలింగ్‌కు పనికొస్తుంది కానీ, ఐఐటీ, ఎన్‌ఐటీ సీట్లిచ్చే జోసాకు పనికిరాదు. అక్కడ కేంద్ర నమూనాలో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ కావాలి, అదీ ఆ ఏడాది ఏప్రిల్ 1న గానీ తర్వాత గానీ ఇచ్చినదై ఉండాలి. ఓసీల్లో పేదలకు ఇచ్చే ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్‌కూ అంతే. మార్చిలో తొందరపడి తీసుకుంటే మళ్ళీ తీసుకోవాల్సిందే, జూన్ దాకా ఆగితే ఎమ్మార్వో ఆఫీసులో రద్దీ. ఏప్రిల్ మొదటి వారంలో దరఖాస్తు పెట్టండి. రాష్ట్రంలో బీసీ అయిన కులాలన్నీ కేంద్ర జాబితాలో ఉండవు. ముందే సరిచూసుకోండి.

ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు స్థానికతకు కావాలి. కరోనాలో మూతబడిన చిన్న ప్రైవేటు స్కూళ్ళ నుంచి వాటిని తెచ్చుకోవడానికి తల్లిదండ్రులు నానా తిప్పలు పడ్డారు. స్కూలు నడుస్తుండగానే తీసుకుని ఫైలులో పెట్టండి. అన్నిటినీ స్కాన్ చేసి మెయిల్లో ఒక కాపీ, పెన్ డ్రైవ్‌లో ఒక కాపీ దాచండి.

సెంటరు ఊరు ఎంచుకునేటప్పుడు కాలేజీ ఉన్న ఊరు కాకుండా ఇంటికి దగ్గర ఊరు రాయండి. హాస్టలు మూసేస్తే పిల్లవాడు ఉండేది ఇంట్లోనే.

ఇంట్లో జబ్బు, ఇంట్లో చావు

పిల్లకు జ్వరం వచ్చి తగ్గాక, డాక్టరు సరే అన్నాకనే పుస్తకం. మొదట రోజుకు ముప్పావుగంట తప్పుల పుస్తకం చదవడం, తర్వాత స్లిప్ టెస్టులు, కనీసం పది రోజులు గడిచాక పూర్తి పరీక్ష. నీరసంలో రాసిన గ్రాండ్ టెస్టు మార్కులు ధైర్యాన్ని తీసేస్తాయి. పరీక్ష రోజే జబ్బైతే హెల్ప్‌లైన్‌కు ఫోను చేసి, మెయిలు పంపి, టెస్టు రిపోర్టు దాచండి. 2020లో కోవిడ్ వల్ల నీట్ రాయలేకపోయినవాళ్ళకు అక్టోబరు 14న మరో అవకాశం ఇచ్చారు. ఐఐటీల ప్రవేశ పరీక్ష జేఈఈ అడ్వాన్స్‌డ్‌కు రిజిస్టరై రాయలేకపోయినవాళ్ళను 2021లో నేరుగా రాయనిచ్చారు. ఇలాంటివి వచ్చినప్పుడు కాగితం చేతిలో ఉన్నవాడికే అక్కరకొస్తాయి.

తాతయ్యో, మేనమామో పోతే "పరీక్ష అయ్యాక చెబుదాం" అని దాచడం మన ఇళ్ళలో మామూలు. దాచకండి. పిల్లలకు ఇంట్లో గొంతులు మారడం వెంటనే తెలుస్తుంది. తెలిసీ అడగలేక చదవడం ఇంకా కష్టం. నమ్మకమున్న ఒక్క మనిషి, పగటిపూట, ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. ఏడవనివ్వాలి. పరీక్ష రాస్తావా, తర్వాతి విడతకు వెళ్తావా అని రెండు రోజులాగి అడగాలి, వాళ్ళు చెప్పిందే చేయాలి. జేఈఈ మెయిన్‌లో ఇప్పుడున్న రెండు విడతల్లో మెరుగైన స్కోరే తీసుకుంటారు కాబట్టి ఒకటి వదిలేసినా ఏడాది పోదు.

తిండి తగ్గడం, రాత్రంతా మేలుకోవడం, "నా వల్ల మీకు ఖర్చు" లాంటి మాటలు, ఇష్టమైన వస్తువులు ఇతరులకు ఇచ్చేయడం కనిపిస్తే పరీక్షను పక్కన పెట్టండి. ఒంటరిగా వదలకండి, చనిపోవాలని అనిపిస్తోందా అని నేరుగా అడగండి, ఆ రోజే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. టెలి మానస్ నంబరు 14416 ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులోనూ మాట్లాడతారు. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టు అవుతుందేమోనన్న భయం వద్దు. అడగడమే వాళ్ళకు ఊపిరి.

పరీక్ష రోజు, ఆ తర్వాత

హాల్ టికెట్, ఫొటో అంటించిన స్వీయ ప్రకటన పత్రం, గుర్తింపు కార్డు, పారదర్శకమైన నీళ్ళ సీసా, 50 మిల్లీలీటర్ల శానిటైజరు. కరోనా ఏళ్ళలో ఇవే అడిగారు. సంతకం, వేలిముద్ర ఇంట్లో వేయాలో, ఇన్విజిలేటర్ ముందు వేయాలో హాల్ టికెట్ మీదే ఉంటుంది, చదవండి. ఆ ఏళ్ళలో ఎండలో నడిచి వచ్చిన పిల్లల ఒళ్ళు వేడిగా ఉందని గేటు దగ్గర ఆపేసేవాళ్ళు. హాల్ టికెట్ మీద ఇచ్చిన చేరే వేళకు అరగంట ముందే చేరి నీడలో నిలబెట్టండి. బయటికొచ్చాక "ఎన్ని రాశావు" అని అడగకండి, ఆకలేస్తోందా అని అడగండి. రెండో పరీక్ష ఉన్నప్పుడు కీ చూడటం అది అయ్యాకే.

కౌన్సెలింగ్‌లో కాలేజీలు ఎంచుకునే వెబ్ ఆప్షన్లలో వరుస ఎప్పుడూ కోరిక ప్రకారమే పెట్టాలి. పైన పెట్టిన కాలేజీ రాకపోతే కింది కాలేజీకి అవకాశం తగ్గదు, కంప్యూటరు పై నుంచి కిందికి వెతుక్కుంటూ వస్తుంది. "ఇది రాదులే" అని కింద పెట్టినదాన్ని, ర్యాంకు సరిపోయినా, పైన పెట్టినది దొరికిందని వదిలేసినట్టే అవుతుంది. జోసాలో సీటు వచ్చాక ఫ్రీజ్ అంటే ఇక మార్పు వద్దు, ఫ్లోట్ అంటే ఏ కాలేజీలోనైనా పై ఆప్షన్ వస్తే మారతాను, స్లైడ్ అంటే ఇదే కాలేజీలో పై బ్రాంచి వస్తే మారతాను. అనుమానంగా ఉన్నప్పుడు ఫ్లోట్ మేలు. ఏది ఎంచుకున్నా గడువులోగా ఫీజు కట్టి కాగితాలు ఎక్కించకపోతే ఉన్న సీటూ పోతుంది.

మహమ్మారి ఏళ్ళలో జాతీయ, రాష్ట్ర కౌన్సెలింగులు ఒకదానిమీద ఒకటి పడ్డాయి. రాష్ట్ర సీటు చేతిలో పెట్టుకునే జోసా కోసం చూడండి, కానీ రాష్ట్ర సీటు రద్దు చేసుకుంటే ఫీజు తిరిగొచ్చే ఆఖరి తేదీని నోటుబుక్కులో ఎర్ర సిరాతో రాయండి. టీసీ, ఒరిజినల్ మెమోలు ఏ కాలేజీకి ఇచ్చినా రసీదు తీసుకోండి, అందులో ఒక్కో కాగితం పేరు విడివిడిగా రాయించండి.