డిస్‌ప్లే ఐడియాకి పేటెంట్ వేసే ముందు

ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుల టైమ్ వచ్చింది. బరంపురం, గుణుపురం, పర్లాకిమిడి పిల్లలు ఫైల్ చేసే ముందు ఇవి చూసుకోండి.

బయట చూపించొద్దు. కాలేజీ ఎగ్జిబిషన్‌లో పెట్టినా, యూట్యూబ్‌లో వేసినా అది ‘కొత్తది’ కాకుండా పోయి మీ పనే మీకు అడ్డొస్తుంది. 12 నెలల మినహాయింపు ప్రభుత్వం నోటిఫై చేసిన ప్రదర్శనల్లాంటి కొద్దిటికే. తొందరుంటే ప్రొవిజనల్ (తాత్కాలిక దరఖాస్తు) వేయండి, పూర్తి స్పెసిఫికేషన్‌కి (ఆవిష్కరణ పూర్తి వివరణకి) 12 నెలలుంటాయి.

ఎవరూ చేయలేదన్నది ఒక్కటే చాలదు. ఆ రంగం తెలిసినవాడికి ఇట్టే తట్టేదైతే పేటెంట్ల చట్టం సెక్షన్ 2(1)(జెఎ) దగ్గరే ఆగిపోతుంది. ఎండలో కనపడాలని ఎల్‌ఈడీ బోర్డుకి లైట్ సెన్సర్ తగిలించారనుకోండి. సెన్సర్ పని సెన్సర్‌ది, బోర్డు పని బోర్డుది. ఇలాంటి కలగూరగంపని సెక్షన్ 3(ఎఫ్) కూడా ఒప్పుకోదు. రెండూ కలిసి, విడిగా రాని ఫలితమిస్తేనే వాదన నిలుస్తుంది.

ఆ ఫలితానికి కొలతలుండాలి. పాత డిజైన్‌తో పోలిస్తే ఎన్ని నిట్లు (వెలుగు కొలత), ఎన్ని వాట్లు? ‘బాగా కనిపిస్తోంది’ అంటే పేటెంట్ ఆఫీసు ఎగ్జామినర్ వినరు.

చేసి చూపించాక ఏదైనా సులువే అనిపిస్తుంది. కాబట్టి ముందువాళ్లు ఎక్కడ విఫలమయ్యారో కాగితాలు తీయండి. నీలం ఎల్‌ఈడీకి వాడిన గాలియం నైట్రైడ్ అప్పటికే తెలిసిన పదార్థం. అయినా మంచి స్ఫటికం, పి-టైప్ పొర (ఎల్‌ఈడీ వెలగడానికి కావాల్సిన రెండు రకాల పొరల్లో ఒకటి) రావడానికి ఏళ్లు పట్టింది, 2014లో నోబెల్ వచ్చింది.

పాత పేటెంట్లు వెతకడానికి ఇన్‌పాస్ (భారత పేటెంట్ ఆఫీసుది), ఎస్పాస్‌నెట్ (యూరప్ పేటెంట్ ఆఫీసుది) సైట్లు ఉచితం. జపాన్, కొరియా పేటెంట్లు వదలొద్దు.

ఒడిశా చిరునామా అయితే దరఖాస్తు కోల్‌కతా ఆఫీసుకి, ఇచ్ఛాపురం నుంచి అయితే చెన్నైకి. విశాఖ ఏజెంటుని పెట్టుకున్నా ఇది మారదు.